తెల్లచీర ఎవరు కొనాలి?

దసరా సెలవుల్లో ఒక రోజు సికింద్రాబాదులో పెళ్లి బట్టలు అమ్మే దుకాణంలో కూర్చోవలసి వచ్చింది. మా బంధువుల అమ్మాయి పెళ్లి. అద్దాల బీరువాల నిండా తెల్లచీరలు, గౌన్లు. రాళ్లు పొదిగినవి, జరీ అంచువి, నడిస్తే వెనకాల నేల మీద గజం పొడవున ఈడ్చుకుంటూ వచ్చేవి. పక్కన గాజు పెట్టెలో ముసుగులు, కిరీటాలు, చేతి తొడుగులు, పూలగుత్తులు. మావాళ్లు అరగంటలో ఒకటి తేల్చేశారు. ధర ఎవరూ రెండోసారి అడగలేదు.

మా పక్కనే ఇంకొక కుటుంబం కూర్చుంది. తండ్రి, తల్లి, పెళ్లి కావలసిన అమ్మాయి, ఆమె మేనత్త. చేతిసంచిలో జొన్నరొట్టెల మూట, నీళ్ల సీసా. పలకరిస్తే తండ్రి చెప్పాడు. ‘కంగ్టి కాడ సారూ. ఖేడ్ దాటి పోవాలె. పొద్దుగాల ఫస్టు బస్సుకు ఎక్కినం’. నవంబరులో పెళ్లట. అమ్మాయి ఒక చీరను భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంది. చూసుకుని తనలో తానే నవ్వుకుంది. తండ్రి చీర అంచుకు వేలాడుతున్న చీటీని తిప్పి చూశాడు. ‘మంచిగున్నది బిడ్డా, తీస్కో’ అన్నాడు. అని బయటికి వెళ్లి మెట్ల మీద నిలబడి ఎవరికో ఫోను చేశాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆయన మాటలు లోపలికి వినిపించాయి. చెరకు మేస్త్రీతో మాట్లాడుతున్నాడు. ఈసారి కోతకు ఆలుమగలు ఇద్దరమూ వస్తామని, ఇదివరకు తీసుకున్న అడ్వాన్సు మీద ఇంకో పదివేలు సర్దమని బతిమాలుతున్నాడు.

ఆ మాట విన్నాక ఆ దుకాణంలో ఉన్న తెలుపంతా నా కళ్లకు వేరుగా కనిపించింది.

కంగ్టి సంగారెడ్డి జిల్లాలో నారాయణఖేడ్ దగ్గరి మండలం. అటు కర్ణాటక, ఇటు మహారాష్ట్ర రెండూ దగ్గరే. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా ఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. ఆ తర్వాత మెదక్ జిల్లాలో కలిసింది. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. ఒకే సంతలో తెలుగు, కన్నడం, మరాఠీ మూడూ వినిపించే ప్రాంతమది. వానను నమ్ముకుని కంది, పత్తి, సోయా, జొన్న పండిస్తారు. పంట చాలని ఇళ్లవారు, ముఖ్యంగా తండాలవారు, చలికాలం రాగానే ఇంటికి తాళం వేసి చెరకు కోతకు వెళతారు. మేస్త్రీ దగ్గర ముందుగా అడ్వాన్సు తీసుకోవాలి. తర్వాత భార్యాభర్తలు జంటగా నరికి, మోపులు కట్టి, ఆ బాకీ తీర్చాలి. చెరకు చేల పక్కన పట్టా గుడిసెల్లో నెలల తరబడి ఉండాలి. అంటే ఆ దుకాణం మెట్ల మీద ఆ తండ్రి తాకట్టు పెట్టింది పొలాన్నీ బంగారాన్నీ కాదు. తన రెండు చేతుల్నీ, భార్య రెండు చేతుల్నీ తాకట్టు పెట్టాడు. ఒక్క పూట కట్టే చీర కోసం!

ప్రభుత్వం ఇచ్చే పెళ్లి సాయం ఉంది కదా అనవచ్చు. తెలంగాణలో 2014 అక్టోబరులో 51,000 రూపాయలతో మొదలైన ఆ సాయం 2018లో 1,00,116 రూపాయలకు పెరిగింది. అర్హత ఉన్న కుటుంబాలకు అది పెద్ద ఆసరాయే. కాని చాలా ఇళ్లలో ఆ చెక్కు అందేసరికి పెళ్లి అయిపోయి ఉంటుంది. అప్పు పెళ్లికి ముందు పుడుతుంది, సాయం పెళ్లి తర్వాత వస్తుంది. ఆ రెంటికీ మధ్య నడిచేది వడ్డీయే.

ఇంతకూ ఈ తెల్లచీర కొనాలని మనకు ఎవరు చెప్పారు? బైబిలును మొదటి నుంచి చివరి దాకా తిరగేసినా, వధువు గుడిలోకి తెల్లబట్టలతోనే రావాలన్న ఆజ్ఞ ఎక్కడా లేదు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కూడా పాదిరిగారు జరిపించే పెళ్లికి ఆయన కాక కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలంటుంది. బట్టల ఊసు అందులో లేదు. యూరపులో కూడా ఒకప్పుడు పెళ్లికూతుళ్లు తమకున్న వాటిలో మంచి బట్టలు ఏ రంగువైనా కట్టుకునేవారు. 1840 ఫిబ్రవరి 10న ఇంగ్లాండు రాణి విక్టోరియా తెల్లని శాటిన్ గౌను వేసుకుని పెళ్లాడింది. అప్పటినుంచి ఆ మోజు కలవారి ఇళ్లలో వ్యాపించింది. తర్వాత మిషనరీల వెంట మన సంఘాలకూ చేరింది. తెలుపు మన తెలుగు పెళ్లికి బొత్తిగా కొత్తదేమీ కాదు. ఇరుగుపొరుగు హిందువుల పెళ్లిలో మధుపర్కాలు తెల్లని నూలుబట్టలే కదా! కాని ఆ నూలుబట్ట కోసం ఎవరూ చెరకు మేస్త్రీకి ఫోను చేయవలసిన పని లేదు.

ఆ రాణిగారి సంగతి ఇంకొంచెం చెప్పుకోవాలి. దేశాలేలే ఆమె పెళ్లినాడు తలమీద కిరీటం పెట్టుకోలేదు, నారింజ పూల దండ చుట్టుకుంది. పెళ్లిలో వేసుకున్న లేసు ముసుగును దాచిపెట్టి, 1885లో చిన్న కూతురు బీట్రిస్ పెళ్లికి ఇచ్చింది. కూతురు తల్లి ముసుగుతోనే పెళ్లాడింది. మొన్న 2020 జూలైలో ఎలిజబెత్ రాణి మనవరాలు, ఆమె పేరు కూడా బీట్రిసే, నాయనమ్మ పాత గౌనునే కొద్దిగా మార్పించుకుని పెళ్లి చేసుకుంది. రాజుల ఇంటి ఆడపిల్లలే ఒకరి బట్ట ఒకరు కట్టుకోవడానికి నామోషీ పడలేదు. మనం మాత్రం వారి తెలుపు తెచ్చుకున్నాం, వారి పొదుపును అక్కడే వదిలేశాం!

పెళ్లిబట్టల విషయంలో లేఖనాలు ఏమంటున్నాయో చూద్దాం. ఇస్సాకుకు వధువును వెదకడానికి వెళ్లిన అబ్రాహాము సేవకుడు, పెళ్లి మాట కుదరగానే వెండి బంగారు నగలతో పాటు వస్త్రాలు కూడా తీసి రిబ్కాకు ఇచ్చాడు (ఆదికాండము 24:53). రిబ్కా తండ్రి కొనలేదు, వరుడి ఇంటి నుంచి వచ్చాయి. యెరూషలేమును అనాథ పిల్లగా పోల్చి చెప్పిన చోట, ఆమెకు విచిత్రమైన కుట్టుపని గల బట్టలు, సన్నని నార, పట్టు తొడిగించింది తానేనని దేవుడు అంటాడు (యెహెజ్కేలు 16:10-13). తప్పిపోయిన కుమారుడు తిరిగి వచ్చినప్పుడు, ప్రశస్తమైన వస్త్రం తెచ్చి తొడిగించమన్నది తండ్రే (లూకా 15:22). చివరికి ప్రకటన గ్రంథంలో గొర్రెపిల్ల వివాహమప్పుడు వధువు కట్టుకున్న సన్నని నారబట్టలు కూడా ఆమె కొనుక్కున్నవి కావు, ఆమెకు అనుగ్రహించబడినవి (ప్రకటన 19:8).

రాజకుమారుని పెళ్లివిందు ఉపమానంలో పెళ్లి వస్త్రం లేకుండా లోపలికి వచ్చినవాణ్ణి రాజు నిలదీస్తాడు (మత్తయి 22:11-12). అతని మీద అంత కోపం ఎందుకని చాలామంది అడుగుతుంటారు. దారిన పోయేవారిని అప్పటికప్పుడు పిలిచి కూర్చోబెట్టిన విందు అది. వారికి పెళ్లి వస్త్రాలు ఎక్కడివి? రాజే ఇప్పించి ఉంటాడని చాలామంది వ్యాఖ్యాతలు అన్నారు. ఇచ్చినదాన్ని కాదన్నందుకే ఆ కోపమని వారి భావం. ఇలా ఎక్కడ చూసినా ఒకే మాట కనిపిస్తుంది. దేవుని లెక్కలో పెళ్లిబట్ట ఒకరు ఇవ్వగా మరొకరు కట్టుకునేది. బీదతండ్రి మీద మోపే బరువు కాదు.

పెళ్లిబట్టలు పోటీకి దిగితే ఏమవుతుందో కూడా లేఖనం దాచలేదు. సమ్సోను తన పెళ్లివిందులో ముప్ఫై జతల బట్టలు పందెం కాశాడు. విప్పుడు కథ విప్పలేక, ఆ బట్టలు ఇచ్చుకోలేక, పెళ్లికి వచ్చిన కుర్రవాళ్లు పెళ్లికూతుర్నీ ఆమె తండ్రి ఇంటినీ కాల్చేస్తామని బెదిరించారు. ఆమె ఏడ్చి ఏడ్చి గుట్టు రాబట్టింది. సమ్సోను అష్కెలోనుకు వెళ్లి ముప్ఫైమందిని చంపి, వారి ఒంటిమీది బట్టలు తెచ్చి బాకీ తీర్చాడు. చివరికి భార్య మరొకరి పాలైంది (న్యాయాధిపతులు 14వ అధ్యాయం). బట్టల దగ్గర మొదలైన పంతం ఒక కాపురాన్నే కూల్చింది. మన పంతాలు రక్తం దాకా పోవు, నిజమే. కాని ‘మా పెద్దకోడలు గౌనుతో వచ్చింది, చిన్నకోడలు చీరతో వస్తే బంధువులు ఏమనుకుంటారు?’ అని వియ్యంకురాలు మెత్తగా అన్న మాట, బీదతండ్రి మెడకు ఉరి కాదా? నోరు విప్పి అడిగితేనే కట్నమా? 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చింది. చట్టానికి దొరకకుండా కట్నాన్ని బట్టల్లో చుట్టి అడగడం మనం నేర్చుకున్నాం. గౌను కావాలని వరుడివారికి అంత కోరిక ఉంటే, అబ్రాహాము సేవకుడి దారి ఉండనే ఉంది. వారే కొని తెచ్చి ఇవ్వాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ మాటలు చదివి, ‘బీదవాళ్లకు గౌన్లెందుకు? ఉన్నదాంతో సర్దుకోకూడదా?’ అని ఆ అమ్మాయి మీదికి వేలు చూపేవారు ఉంటారు. అది ఘోరమైన అన్యాయం. పెళ్లికూతురు తన అలంకారాన్ని మరచిపోతుందా అని దేవుడే అడిగాడు (యిర్మీయా 2:32). ఆడపిల్ల మనసు ఆయనకు తెలుసు. పైగా బట్ట అనేది మన సంఘాల చరిత్రలో చిన్న విషయం కాదు. తిరువాన్కూరు సంస్థానంలో నాడారు స్త్రీలు, వారిలో క్రైస్తవులు ఎందరో, రొమ్ము మీద పైబట్ట వేసుకునే హక్కు కోసం ఏళ్ల తరబడి దెబ్బలు తిన్నారు. 1859లో గాని రాజు అనుమతి ఇవ్వలేదు. మంచి బట్ట కట్టనివ్వని సమాజంలో మంచి బట్ట కట్టుకుని గుడి నడవలో తల ఎత్తి నడవడం ఒక సాక్ష్యం. కంగ్టి అమ్మాయి అద్దంలో చూసుకుని నవ్వుకున్నది గర్వంతో కాదు. ఆ రోజు ఊరు ఊరంతా తనను చూస్తుంది, తన తండ్రి చెయ్యి పట్టుకుని నడిపిస్తాడు. ఆ ఒక్క రోజు వెలుగును ఆమెకు దక్కకుండా చేసే హక్కు ఎవరికీ లేదు. తన కూతురికి వేలకు వేలు పోసి గౌను కొన్నవాడు, ప్రసంగ వేదికెక్కి బీదల కూతుళ్లకు నిరాడంబరత బోధించే హక్కు అసలే లేదు.

మరి అమ్మాయికి ఆ వెలుగు దక్కాలి, తండ్రి అప్పులపాలు కాకూడదు. ఈ రెండూ ఎలా కుదురుతాయి? కానా పెళ్లిలో ద్రాక్షారసం అయిపోయింది (యోహాను 2:1-11). ఇంటివారు నలుగురిలో తలవంచుకోవలసిన సమయం. ‘ఇంతమందిని ఎందుకు పిలిచారు?’ అని యేసు వారిని మందలించలేదు. ‘ద్రాక్షారసం లేకపోతే ఏం పోయింది?’ అని ప్రసంగమూ చేయలేదు. ఆరు రాతిబానలు నింపమన్నాడు. విందు ప్రధానికి సైతం అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియలేదు, నీళ్లు తోడిన పనివాళ్లకే తెలిసింది. ఆ ఇంటి పరువు కాపాడిన తీరును గమనించండి. లోటు తీరింది, కాని ఎవరికీ చాటింపు లేదు. సంఘం చేయవలసింది అదే.

యొప్పేలో దొర్కా అనే శిష్యురాలు ఉండేది. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు చుట్టూ చేరి, ఆమె తమకు కుట్టి ఇచ్చిన అంగీలను, వస్త్రాలను చూపిస్తూ ఏడ్చారు (అపొస్తలుల కార్యములు 9:39). ఆమె ప్రసంగాలు చేసినట్టు లేఖనంలో లేదు. ఆమె సాక్ష్యం నాలుగు అంగీల్లో ఉంది. మన ప్రతి గుడిలో స్త్రీల సమాజం ఉంది, కాని దొర్కా బీరువా ఎన్ని గుళ్లలో ఉంది? కేరళలో తూత అనే ఊళ్లో ఒక టాక్సీ డ్రైవరు 2020లో తన ఇంట్లోనే పెళ్లిబట్టల నిలయం మొదలుపెట్టాడు. ఒకసారి కట్టి దాచిన పెళ్లిబట్టలను ఉన్నవారి దగ్గర అడిగి తెచ్చి, శుభ్రం చేయించి, లేని ఆడపిల్లలకు ఉచితంగా ఇస్తాడు. ఆయన మన సంఘపువాడు కాదు, ముస్లిం సోదరుడు. ఒక టాక్సీ డ్రైవరు చేసిన పని ఒక సంఘం చేయలేదా?

ఇది ఎంత కష్టమని? గుడి వస్తువుల గదిలో ఒక బీరువా చాలు. ఒకసారి కట్టిన తెల్లచీరలు, గౌన్లు, ముసుగులు, చేతి తొడుగులు, వరుడికి రెండు మూడు కొలతల సూట్లు అందులో చేరాలి. తెల్లబట్టను ఉతికించకుండా దాస్తే చెమట మరకలు, తీపి మరకలు పసుపుగా తేలుతాయి. కాబట్టి పెళ్లయిన వారంలోగా ఉతికించి, ప్లాస్టిక్ సంచిలో కాకుండా శుభ్రమైన తెల్లని నూలుగుడ్డలో చుట్టి పెట్టాలి. జాకెట్లు కుట్టి సరిచేయగల అక్క ఒకరు ప్రతి సంఘంలోనూ ఉంటారు. పెళ్లి ప్రకటన మొదటి ఆదివారం చదవగానే, పాదిరమ్మగారో సంఘ పెద్దమ్మగారో ఆ ఇంటికి వెళ్లి అమ్మాయితో ఒంటరిగా ఒక మాట అడిగితే చాలు. ఏ చీర ఎవరిదో, ఎవరు తీసుకున్నారో ఆ ఇద్దరికి తప్ప మరెవరికీ తెలియకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఒకటుంది. ఆ బీరువాలోని చీర మొదట కట్టవలసింది బీదల కూతురు కాదు. పాదిరిగారి కూతురు కట్టాలి, సంఘ కోశాధికారి కూతురు కట్టాలి, ఊరిలో పెద్ద ఉద్యోగస్థుడి కూతురు కట్టాలి. వారు కట్టి నడిచాక అది దానపు చీర కాదు, సంఘపు చీర అవుతుంది. బంగారు ఉంగరం, ప్రశస్తమైన వస్త్రాలతో వచ్చినవాడికి మంచి చోటు చూపి, మాసిన బట్టలవాణ్ణి కాళ్ల దగ్గర కూర్చోబెట్టవద్దని యాకోబు హెచ్చరించింది ఇందుకే (యాకోబు 2:2-4). ఒకే చీర ధనవంతుడి కూతురి మీదా, చెరకు కోసే కూలీ కూతురి మీదా గుడి నడవలో నడిస్తే, ఆ హెచ్చరికను సంఘం ఆచరణలో పెట్టినట్టే.

ఇది మన ప్రాంతానికి కొత్త పాఠం కాదు. ఖేడ్ నుంచి మెదక్ దాకా ఉన్నవారికి మెదక్ మహాదేవాలయం తెలుసు. చార్లెస్ పాస్నెట్ దొరగారు కట్టించగా 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. కరువు రోజుల్లో జనానికి పని కల్పించి, కూడు పెట్టి కట్టిన గుడి అని పెద్దలు ఈనాటికీ చెప్పుకుంటారు. అన్నం లేనప్పుడు అన్నం పెట్టిన సంఘం మనది. వందేళ్లు గడిచాయి. ఆ గుళ్లలోనే ఈనాడు ఒక తండ్రి తన కూతురి పెళ్లి నడకకు వలస కూలీగా మారుతుంటే, మనం ఎదురు బెంచీల మీద కూర్చుని చీర బాగుందని మెచ్చుకుంటున్నాం. ఆ చీర ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారో అడగడం లేదు.

ఆ రోజు ఆ తండ్రి ఫోను ముగించి లోపలికి వచ్చాడు. ముఖం తుడుచుకుని, ‘కట్టియ్యి తమ్మీ’ అని దుకాణం కుర్రవాడితో అన్నాడు. కూతురు సంతోషంగా ఆ పెట్టెను ఒడిలో పెట్టుకుంది. ఆయన ఎవరితో ఏం మాట్లాడి వచ్చాడో ఆమెకు తెలియదు. నేను విన్నాను, విని ఊరుకున్నాను. వారి ఊరి పేరు తెలుసుకున్నాను గాని ఫోను నంబరు అడగలేదు.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే నా భార్య ఏమీ మాట్లాడకుండా బీరువా తెరిచింది. ఆరేళ్ల కిందట మా అమ్మాయి పెళ్లికి కట్టిన తెల్లచీర అడుగు అరలో ఉంది. ఆ ఒక్క రోజు తర్వాత ఎవరూ దాన్ని కట్టలేదు, విప్పి చూడనూ లేదు. ప్లాస్టిక్ సంచిలో మడతల వెంట పసుపు చారలు కట్టి ఉంది. ‘ఆ పిల్లకు ఇది సరిపోయేదేమో’ అంది ఆమె.

పరిశుద్ధుల నీతిక్రియలే ఆ సన్నని నారబట్టలని ప్రకటన గ్రంథం చెబుతోంది. అయితే మన బీరువాలో ఊరికే పసుపెక్కుతున్న చీర మన నీతికి సాక్ష్యమా, మన మీద సాక్ష్యమా? ఈ ఆదివారం ఆరాధన ముగిసి ఇంటికి వెళ్లాక, దయచేసి మీ బీరువా అడుగు అర ఒకసారి తెరిచి చూడండి. చెరకు కోతలు మొదలయ్యేలోగా ఆ చీరను ఉతికించి గుడికి తీసుకురండి.